ఊ కొట్టే బావి

ఊ వస్తున్నంతసేపూ మనిషి ఉన్నట్టే. తాడు ఒక కొస నా నడుముకు, గిలక మీదుగా వెళ్ళిన రెండో కొస యాసిన్ చంకల కింద, నడుమ నా నోరు. యాసిన్ వరల బావిలో ఇనప నిచ్చెన మీద నిలబడి, మోటారు గొట్టం అడుగున నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వుకు చుట్టుకున్న ప్లాస్టిక్ పేగుల్ని కొక్కెంతో పీకుతున్నాడు, నేను గట్టు మీద కూర్చుని కథ చెప్తున్నాను, మాట మాటకీ కింద నుంచి ఊ వస్తోంది. కథ ఆపకూడదు, ఊ ఆగకూడదు. ఊ ఆగితే లాగెయ్యాలి, ఎందుకు ఆగిందని అడక్కూడదు, తొంగి చూడకూడదు, లాగెయ్యాలి. ఈ పద్ధతి ఏ ఇంజినీరుగారూ పెట్టలేదు, నేనే పెట్టాను. నాంచారయ్యకి చదువు అబ్బలేదు గానీ నోరు అబ్బిందని మావాళ్ళు అనేవారు. ఆ నోటికి బందరు చెత్త యార్డులో ఇన్నాళ్ళకి ఒక ఉద్యోగం దొరికింది.

అన్నాల వేళ దాటింది. సముద్రం వైపు మబ్బు మసిబట్టిన దాకలా బోర్లించుకుని ఉంది, గాలి లేదు, కొంగలు కూడా చెత్తదిబ్బ దిగి గట్లమ్మట కూర్చున్నాయి. సాయంత్రానికి వాన తప్పదట. మా సూపర్‌వైజరు రాజ్ కుమార్ గారు చల్లపల్లిలో ఎవరిదో పెళ్ళిలో కూర్చుని పొద్దుటి నుంచీ ఫోను మీద ఫోను, వానొచ్చేలోగా మోటారు ఆడాలి నాంచారయ్యా, ఎలా ఆడిస్తావో నాకు తెలీదు. గాలి ఊదే ఫ్యాను రిపేరుకని వెళ్ళి విజయవాడలో కాపురం పెట్టింది. గ్యాసు చూసే మిషను బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి పెళ్ళిలో ఉంది. వాన మాత్రం ఎవరి తాళంచెవి కోసమూ ఆగదు కదా, ఈ దిబ్బ నెత్తి మీద పడుతుంది, ఊరంతా తిని పారేసిన మామిడి తొక్కల్లోంచి, చేప తలల్లోంచి, పిల్లల గుడ్డల్లోంచి, మందుబిళ్ళల అట్టల్లోంచి ఊరుతూ ఊరుతూ దిగి, అడుగున గొట్టాల్లోంచి నల్లగా కారి ఈ బావిలో చేరుతుంది. ఆఫీసర్లు లీచేట్ అంటారు, మేం నల్లనీళ్ళంటాం. బావిలోంచి మోటారు తోడితే పెద్ద తొట్టిలో పడతాయి, సున్నం కలుపుతాం, చిలుకుతాం, మడ్డి అడుక్కి పోతుంది, పైతేట జమ్ము పెంచిన మడిలోంచి నిదానంగా పారి ఆఖరి తొట్టికి వచ్చేసరికి పలచటి టీ రంగుకి దిగుతుంది. ఆ ఆఖరి తొట్టిలో నేనొకసారి పరిగెపిల్లల్ని వదిలాను, బతికాయి, ఒకటైతే నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా, కాకపోతే గారు అనలేదు. మోటారు తోడకపోతే మాత్రం నీళ్ళు దిబ్బ కడుపులోనే ఉబ్బి దాని మొదలు దగ్గర పగిలి బయటికొస్తాయి, అక్కణ్ణించి డ్రైనులోకి, అక్కణ్ణించి కాలనీ బోరులోకి. యాసిన్ ఇల్లు ఆ కాలనీలోనే. పోయినేడు వానల్లో బోరు కొడితే ఎర్రగా వచ్చిన నీళ్ళు చూసి వాళ్ళమ్మ సయీదా, టీపొడి ఖర్చు మిగిలిందిరా నాంచారయ్యా అని నవ్వింది. నవ్వింది గానీ ఆ నెలంతా మనవరాలి చేతుల మీద దద్దుర్లకి కొబ్బరినూనె రాస్తూనే ఉంది. అందుకే ఇందాక, ఫ్యాను వచ్చాక దిగుదువులేరా అని నేనంటే యాసిన్ వినలేదు. అప్పుడే తాడు కట్టుకుంటున్నాడు. నువ్వు కథెత్తుకో మావా, నేను ఊ కొడతా, అన్నాడు.

ఏ కథ ఎత్తుకోను. నా దగ్గర కథలకేం తక్కువ, ఉప్పెనలో గేదె తోక పట్టుకుని చల్లపల్లి కోట గోడ మీదికి ఎక్కిన కథ ఉంది, అవనిగడ్డ దోమ పల్లకీ మోసిన కథ ఉంది. అయినా నోరు తెరిచేసరికి కొరమేను కథ వచ్చింది. ఎందుకు వచ్చిందో. వెంకటస్వామికి సగం చెప్పి వదిలేశాక మళ్ళీ ఎవరికీ చెప్పలేదు ఆ కథ, పెదాల దాకా వస్తే మింగేసేవాణ్ణి. వెంకటస్వామిది పెదపారుపూడి, నాతోపాటే యార్డులో పని, ఊ కొట్టడంలో వాణ్ణి మించినవాడు కృష్ణా జిల్లాలో లేడు. ఏం చెప్పినా ఊ, గొంతు కాస్త సవరించుకుని, ఖైనీ ఒక దవడ నుంచి రెండో దవడకి జరుపుకుని, ఖ్హు, ఊ. అనుమానం లేదు, ఎదురు ప్రశ్న లేదు, ఎంత ఎత్తున కట్టినా వాడి ఊ మీద కథ నిలబడేది. మొన్న వేసవిలో నేను అవనిగడ్డ పెళ్ళికని బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చాడు. చేప బతికిందా లేదా, అదొక్కటి చెప్పి పో అన్నా, అన్నాడు. ఊ కొట్టేవాడికి ఓపికుండాలిరా, మిగతాది వచ్చాక, అన్నాను. వచ్చేసరికి వాడు లేడు. ఇదే బావి, ఇదే వాల్వు, పైన ఎవ్వరూ లేరు. కాంట్రాక్టరు మనుషులు శవాన్ని తీసుకెళ్ళి ఇంట్లో మంచం మీద పడుకోబెట్టారు, నిద్రలో గుండె ఆగిందని వాడి పెళ్ళాం భాగ్యమ్మకి చెప్పారు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసేసరికి మంచం మీద మొగుడున్నాడు, పని నుంచి ఎప్పుడొచ్చాడో తెలీదు. చొక్కా మార్చారు గానీ గోళ్ళ కింద నల్లగా అలాగే ఉందని మా యార్డులో సీసాలేరే రూతు నాకు చెప్పింది. శవానికి నీళ్ళు పోసిన ఆడవాళ్ళలో రూతు ఉంది.

సరే, పామర్రు సెంటర్లో కొరమేను బస్సెక్కింది. ఊ. వానాకాలం, డ్రైను పొంగి రోడ్డెక్కింది, దాని వెనకాలే కొరమేను కూడా రోడ్డెక్కింది, మనిషంత పొడుగు, ఇంత లావు మీసాలు. కొరమేనుకి మీసాలేంటి మావా, మీసాలుండేది జెల్లకి. వయసొస్తే దానికీ వస్తాయిరా, నీకు రాలా? సర్లే చెప్పు, ఊ. యాసిన్ ఎప్పుడూ ఇంతే, ఊ కొట్టేవాడి కంటే కేసు వాదించే ప్లీడరు, ఒక్క అబద్ధం కూడా ఊరికే దాటనివ్వడు, పెంటకుప్పలో ఇనప మేకు దొరికినట్టు నా అబద్ధాన్ని పట్టుకుని పైకెత్తి చూపిస్తాడు. వాడి గొంతు వరల మధ్య గుండ్రంగా తిరిగి పైకొస్తోంది, కోడిగుడ్డు మురిగిన కంపు దానితోపాటే వస్తోంది, నేను ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాను, తువ్వాల్లోంచే చెప్తున్నాను. కండక్టరు వచ్చి లేడీసు సీట్లో కూర్చున్నావేంటి అని కొరమేనుని అడిగాడు. నేను ఆడదాన్నే నాయనా, కడుపుతో ఉన్నాను, గుడివాడ దాకా వెళ్ళాలి అంది కొరమేను. మీసాలతో ఆడదా? అని కింద నుంచి యాసిన్ అరిచాడు, అరిచి దగ్గాడు, దగ్గి నవ్వాడు. మావా, ఒక గుడ్డ ఊడింది, ఇంకో పేగు ఉంది, లాగుతున్నా. కంపు కూడా పోయిందిలే, బానే ఉంది లోపల. నేను సంతోషించాను. కంపు పోవడమేంటని అప్పుడు తట్టలేదు. పైన ఉన్న నాకు కంపు కొడుతూనే ఉంది. ఆ గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కు మొద్దుబారుతుంది.

పెదపారుపూడి మలుపులో బస్సాగింది. ఊ. ఒక ముసలమ్మ ఎక్కింది, నెత్తిన గంప, గంపలో కత్తిపీట, చేపలమ్మే మనిషి. ఊ. బస్సంతా నిండి ఉంది, ఖాళీ ఒక్కటే, కొరమేను పక్కన. ఊ. ముసలమ్మ వచ్చి కొరమేను పక్కన కూర్చుని కత్తిపీట తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెంకటస్వామికి ఇక్కడే ఆపాను అప్పుడు, గేటు దగ్గర, బస్సు హారను కొడుతుంటే. ఇవాళ ఆపడానికి లేదు, కథ ఆపకూడదు, ఊపిరి పీల్చుకుని, ముసలమ్మ కొరమేను వంక చూసింది, అన్నాను. ఊ అన్నాడు యాసిన్. ఆ ఊ వెనకాలే, గొంతు సవరించుకున్నట్టు, ఖ్హు, ఊ.

బావి అన్నాక మాట తిరిగొస్తుంది. సిమెంటు వరలు, అడుగున నీళ్ళు, తిరిగొస్తుంది. కొరమేను కూడా ముసలమ్మ వంక చూసింది, అన్నాను. ఊ. ఖ్హు, ఊ. తిరిగొచ్చే మాట దగ్గుతుందా? యాసిన్ ఖైనీ వెయ్యడు, వాళ్ళమ్మ చంపేస్తుంది. ఎవర్రా అది, అని అడగొచ్చు. అడిగితే కథ ఆగుతుంది. అడిగితే వాడు చెప్తాడు కూడా, అందుకే అడగలేదు. ఏ ఊరమ్మా నీది అంది ముసలమ్మ. ఊ. ఊ. మా ఊళ్ళో ఇళ్ళన్నీ కొట్టుకుపోయిన ఉప్పెనప్పుడు, అందరికీ గేదె తోక అని చెప్తాను గానీ గేదె లేదు కోటా లేదు, ఒక తాడిచెట్టు, నాయనమ్మ తన చీర కొంగుతో నన్నూ తననీ కలిపి మట్టకి కట్టింది. నిద్రపోతే జారిపోతావురా, కథ చెప్తా, ఊ కొట్టు, అంది. చీకటిలో కింద నీళ్ళు గేదెల్నీ మనుషుల్నీ ఒకటిగా కలుపుకుని పోతున్నాయి, పైన నాయనమ్మ కథ, ఏడు చేపల్లో ఎండని చేపది, ఆ తర్వాత గడ్డిమోపుది, ఆ తర్వాత ఏదీ కానిది, ఉత్త మాటలు, ఆ తర్వాత ఉత్త పెదాలు. నేను ఊ, ఊ, ఊ. తెల్లారి పడవ వాళ్ళొచ్చి కొంగు కోస్తుంటే కూడా ఊ అంటూనే ఉన్నానట. ఎవరికి ఊ కొడుతున్నావురా, మీ నాయనమ్మ ఎప్పుడో పోయింది కదరా, అన్నారట. నాకేం తెలుసు. చెప్పేవాళ్ళు ఆగినా వినేవాడికి తెలీదు, వాడి చెవిలో కథ నడుస్తూనే ఉంటుంది. అలాగే వెంకటస్వామికీ, కింద, చీకట్లో, వేసవి నుంచి, కత్తిపీట దగ్గర ఆగిపోయిన బస్సులో కూర్చుని.

నాది సముద్రమమ్మా అంది కొరమేను. ఊ. సముద్రపు కొరమేను! ఇంత అబద్ధం ఆడాను, మంచినీళ్ళ చేపని ఉప్పునీళ్ళలో ముంచాను, ఊ వచ్చింది. ఊ ఒక్కటే వచ్చింది. కొరమేను సముద్రంలో ఉండదు మావా అనాలి కదా. పనిలో పడ్డాడేమో, పేగు గట్టిగా చుట్టుకుందేమో. యాసిన్ నన్ను తిట్టి చాలాసేపయింది, ఎంతసేపయిందో. రెండు ఊలు వస్తున్నాయా ఒకటా? ముసలమ్మ కత్తిపీట తిప్పింది. ఊ. ఒకటే. ఎవరిది? దగ్గు ఉందా లేదా, కొంగ అరిచింది, సరిగ్గా వినపడలేదు. ఊ వస్తున్నంతసేపూ మనిషి ఉన్నట్టే, కానీ ఏ మనిషి. లాగితే, బాగానే ఉన్నవాణ్ణి నిచ్చెన మీంచి ఊడబెరికితే వరకి తల కొట్టుకుంటుంది, మళ్ళీ దిగాల్సి వస్తుంది, వానొచ్చేస్తుంది. లాగకపోతే. ఇన్నేళ్ళు అబద్ధాలు చెప్పాను, నవ్వడానికి చెప్పాను, పొద్దుపోవడానికి చెప్పాను, ఏ బందరు మనిషీ పాతాళంలో ఉన్నా సరే ఊరుకోలేని అబద్ధం ఒక్కటి కావాలి ఇప్పుడు. వెతికాను. దొరికింది. తువ్వాలు లాగేసి బావిలోకి వంగి అరిచాను.

"ఒరే యాసినూ! అసలు బందరు లడ్డు పుట్టింది గుడివాడలోరా!"

నల్లనీళ్ళలో బుడగ ఒకటి పగిలింది.

"ఖ్హు. ఊ."

ఎంత ఇష్టంగా అన్నాడో. వెంకటస్వామిది గుడివాడ పక్క కదా, ఇన్నాళ్ళకి ఎవరో నిజం ఒప్పుకున్నట్టు అన్నాడు. యాసిన్ నుంచి తిట్టు రాలేదు. నేను లాగాను. కాళ్ళు గట్టుకి తన్నిపెట్టి వెనక్కి పడి లాగాను, తాడు అరిచేతుల్లో తోలు తీసుకుపోతూ గిలక మీద కీచుమంది, కింద బరువు కదల్లేదు, కదిలింది, వరకి తగిలింది, రూతూ అని అరిచాను, రూతూ, రూతూ. దిబ్బ అవతల సీసాలు ఏరుతున్న రూతు గోనె పారేసి పరిగెత్తుకొచ్చింది. ఏంటి బాబాయ్, గేదె పడిందా, అంటూనే తాడు చూసి ఇంకేం అడక్కుండా నా వెనక చేరి నడుం పట్టి లాగింది. ఇద్దరం చేపల వల లాగినట్టు లాగాం. యాసిన్ తల ముందు వచ్చింది, ఒక పక్కకి వాలి, పెదాలు నేరేడుపండు రంగు, కొక్కెం మాత్రం పిడికిట్లో అలాగే ఉంది, కొక్కేనికి ఆ ప్లాస్టిక్ పేగు వేలాడుతోంది.

నా నడుము కొస విప్పి గిలక గుంజకి చుట్టేసి, వాణ్ణి బావికి దూరంగా ఈడ్చాం. వాడి చంకల కింది ముడి విప్పేశాను, ఆ కొస గట్టు మీంచి జారి మళ్ళీ బావిలోకి పోయింది, పోనీ. రూతు వాడి గుండెల మీద రెండు చేతులూ పెట్టి అదిమింది, చెంపలు వాయించింది, లేరా తురకోడా, లే, నీ పెళ్ళాం నాజియాకి నేనేం చెప్పాలి, లే, నా దగ్గర మొన్న తీసుకున్న గొడుగు ఇచ్చి చావు, అని తిడుతూ ఏడుస్తూ అదిమింది. మొదటిసారి నా నోట్లో కథ లేదు. ఎవరి తలుపో విరిగినట్టు ఒక శబ్దం వచ్చింది యాసిన్ ఛాతీలోంచి, పక్కకి దొర్లి కక్కుకున్నాడు, మళ్ళీ పీల్చాడు, మళ్ళీ కక్కుకున్నాడు. కళ్ళు తెరిచి నన్ను కాదు చూసింది, ఆకాశం చూశాడు.

"వాల్వు మీది పేగు ఊడొచ్చింది మావా... మోటారెయ్యి."

"వేస్తాలేరా. నోరు మూసుకో."

చెత్త ట్రాక్టరు గేటు దగ్గరే ఉంది. రూతు డ్రైవరుని కేకేసింది, ముగ్గురం ఎత్తి తొట్టిలో గోనెల మీద పడుకోబెట్టాం, వాడి తల తన ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి పోనీ అంది. నువ్వు రావా బాబాయ్? మోటారేసి వస్తా. ఒక్కడివే ఉండకు, మొహం పాలిపోయింది నీకు. వస్తాలే పో. ట్రాక్టరు గతుకుల్లో పోతుంటే యాసిన్ దగ్గు వినపడుతూనే ఉంది, ఆ దగ్గంత చక్కటి దగ్గు నేను ఎప్పుడూ వినలేదు.

గాలి లేచింది. జమ్ము మడి ఒక్కసారిగా వంగి లేచింది. మోటారు గదికి వెళ్ళాను, స్విచ్చి మీద చెయ్యి పెట్టాను. వెయ్యలేకపోయాను. మనిషి బావిలో ఉండగా మోటారు వెయ్యకూడదు. మనిషెవడున్నాడు అక్కడ, ఎవడూ లేడు, యాసిన్ పైకొచ్చేశాడు, వెయ్యి, వానొస్తోంది, సయీదా బోరు కొడుతుంది, పిల్ల చేతులు కడుక్కుంటుంది, వెయ్యి. చెయ్యి రాలేదు. వెనక్కి వచ్చాను. తువ్వాలు కట్టుకోలేదు. తాడు అలాగే వేలాడుతోంది, గిలక మీంచి తిన్నగా నలుపులోకి. దాని ఈ కొస పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను.

ముసలమ్మ కత్తిపీట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కదా, అన్నాను నిదానంగా. ఖ్హు, ఊ. కొరమేను వణికిపోయింది. ఊ. ముసలమ్మ దాని కడుపు మీద చెయ్యేసి చూసింది, గుడ్లున్నాయి. ఊ. గుడివాడలో బస్సు దిగి, గంపలో నీళ్ళు పోసి, కొరమేనుని నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి కాలవలో వదిలింది. ఊ. వదిలి, కత్తిపీట కూడా కాలవలోనే పారేసింది. ఊ. చేప బతికిందిరా వెంకటస్వామీ.

ఊ, అన్నాడు. ఎంతసేపటి నుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు.

వాడు నా ప్రతి అబద్ధానికీ ఊ కొట్టాడు. ఒక్క నిజం చెప్పలేదు నేను వాడికి. ఎవ్వరూ చెప్పలేదు. ఇంట్లో, మంచం మీద, నిద్రలో అని అందరితోపాటు వాడికీ చెప్పి ఉంటారు, వాడు దానికీ గొంతు సవరించుకుని ఊ అనే ఉంటాడు.

"నువ్వు బతకలేదురా," అన్నాను. "ఇక్కడే పోయావు. ఈ బావిలోనే. పైన ఎవ్వరూ లేరురా అప్పుడు."

ఊ కోసం చెవి పెట్టాను. మొదటి చినుకు గిలక మీద పడింది. దిబ్బ మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. బావిలోంచి ఏం రాలేదు, బుడగ కూడా రాలేదు. ఊ లేదు.

ఎందుకని అడగలేదు. తొంగి చూడలేదు. కాళ్ళు తన్నిపెట్టి లాగాను. తేలిగ్గానే వచ్చాడు వెంకటస్వామి.

అప్పుడు వెళ్ళి మోటారు వేశాను.